గాలిని కొలిచేవారి పని: డెల్టా పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వాయుగతిశాస్త్రం, అంటే అందరూ ఏరోడైనమిక్స్ అని పిలిచే విద్యలో నిపుణులు చేసే పని గురించి ప్రశ్నలు పంపవలసిందిగా పోయిన నెల ఈ శీర్షికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో అధికభాగం గోదావరికి ఇరువైపులా ఉన్న డెల్టా ఊళ్ల నుంచే వచ్చాయి. వాటిలో విమానాల గురించి అడిగినవాటికన్నా ఇళ్ల గురించి, తోటల గురించి అడిగినవే ఎక్కువగా ఉండడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. తుపాను గాలిని ఇంట్లో కూర్చుని విన్నవారి ప్రశ్నలకు ఉండే పదును వేరు. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి, ఒక్కొక్కదానికి సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: ఇస్రోలో, విమానాల సంస్థలలో ఏరోడైనమిక్స్ నిపుణులు ఉంటారని పిల్లలకు చెబుతుంటాము. వారు రోజూ చేసే పని ఏమిటని పిల్లలు ఎదురు అడిగితే మాత్రం చెప్పలేకపోతున్నాము. దయచేసి వివరించగలరు.
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, ముమ్మిడివరం

సమాధానం: కదిలే గాలి ఒక వస్తువు మీద ఎక్కడ, ఎంత బలం చూపుతుందో ముందుగా లెక్కగట్టడం, ఆ లెక్క నిజమో కాదో కొలిచి తేల్చుకోవడం వారి పని. ఈ రెండింటిలో పేరు తెచ్చేది మొదటిదే అయినా, కాలాన్నీ ఓపికనూ తినేసేది రెండోది. రైట్ సోదరుల కథే తీసుకోండి. 1901లో వారు తయారుచేసిన గ్లైడరు, అప్పటి పట్టికల ప్రకారం మోయవలసినంత బరువు మోయలేదు. గాలి బలాన్ని లెక్కించడానికి 18వ శతాబ్దం నుంచి ఇంజినీర్లు 0.005 అనే ఒక గుణకాన్ని వాడుతూ వచ్చారు. దానిని అంతవరకూ దాదాపు అందరూ నమ్మారు. ఆ సోదరులు మాత్రం నమ్మకాన్ని పక్కనపెట్టి స్వయంగా కొలిచి, దాని విలువ 0.0033 దగ్గర ఉంటుందని తేల్చారు. ఆరు అడుగుల పొడవున్న ఒక చెక్కపెట్టెలోకి ఫ్యానుతో గాలి పంపి, అందులో సుమారు 200 రకాల చిన్న రెక్కలను పరీక్షించారు. 1903 డిసెంబరు 17న వారి విమానం 12 సెకన్ల పాటు గాలిలో నిలవడానికి పునాది ఆ పెట్టెలో పడింది.

ఆ పెట్టెనే నేడు విండ్ టన్నెల్ అంటున్నాము. అందులో ఒక రోజు పని ఎలా ఉంటుందో చెబుతాను. ఒక రెక్క నమూనాను ఉక్కుతోనో అల్యూమినియంతోనో చేసి, దాని ఒంటి నిండా మిల్లీమీటరు కన్నా సన్నని రంధ్రాలు వేస్తారు. ప్రతి రంధ్రానికీ లోపల ఒక సన్నని గొట్టం కలిపి, దానిని పీడనం కొలిచే పరికరానికి చేరుస్తారు. రంధ్రం అంచున వేలికి తగలనంత చిన్న గరుకు మిగిలినా కొలత తప్పుతుంది గనుక, పరీక్షకు ముందు భూతద్దం పట్టుకుని ఆ రంధ్రాలన్నింటినీ చూసుకోవడం కూడా నిపుణుడి పనే. రెక్క పైభాగాన ఉన్నిదారపు పోగులను వరుసగా అంటిస్తారు. రెక్కను కొద్దికొద్దిగా ఎత్తుతూ పోతుంటే ఆ పోగులు మొదట గాలివాలున అణగి పడుకుంటాయి. ఒక కోణం దాటగానే వెనుక అంచున ఉన్నవి వణకడం మొదలుపెడతాయి, మరికాస్త ఎత్తితే వెనక్కి తిరిగి గాలికి ఎదురుగా నిలబడతాయి. గాలి రెక్కను వదిలేసిందని, ఇక ఆ రెక్క బరువును మోయలేదని దాని అర్థం. ఎన్ని సమీకరణాలు నేర్పినా ఆ దారపు పోగు తిరగడం ఒకసారి కళ్లారా చూసిన విద్యార్థికి కలిగే అవగాహన వేరని నా నమ్మకం. మీ పాఠశాలలో ఒక టేబుల్ ఫ్యాను, వంచిన అట్టముక్క, దారాలతో దీనిని కొంతవరకు చూపవచ్చు.

ఇప్పుడు కంప్యూటర్ల మీద గాలి ప్రవాహాన్ని లెక్కించే పద్ధతులు బాగా పెరిగాయి. అయినా టన్నెల్ అవసరం తీరలేదు. లెక్కకూ కొలతకూ తేడా వచ్చినప్పుడు ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే ఈ నిపుణుల అసలు నైపుణ్యం. బెంగళూరులోని జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాలలో 1967 నుంచి పనిచేస్తున్న 1.2 మీటర్ల టన్నెల్‌లో, ట్యాంకులలో కుదించి నిల్వచేసిన గాలిని ఒక్కసారిగా వదులుతారు. నిమిషం కూడా నిండని ఆ ప్రవాహంలో కావలసిన కొలతలన్నీ తీసుకోవాలి. మన రాకెట్లూ తేజస్ విమానమూ నమూనాల రూపంలో ఆ గాలికి నిలిచి వచ్చినవే.

ఈ విద్యకు ఒక గురుపరంపర ఉంది, పిల్లలకు అది కూడా చెప్పండి. వస్తువు ఒంటిని ఆనుకుని ఉండే పలుచని గాలి పొరలోనే అసలు కీలకం ఉందని 1904లో ఒక చిన్న వ్యాసంలో చెప్పినవాడు జర్మనీకి చెందిన లుడ్విగ్ ప్రాంట్‌ల్. ఆయన వద్ద గోటింగెన్‌లో పరిశోధన చేసిన వి.ఎం. ఘాటగే మన దేశానికి తిరిగివచ్చి హెచ్.టి.-2 శిక్షణ విమానానికి రూపకల్పన చేశారు. ప్రాంట్‌ల్ శిష్యుడు వాన్ కార్మన్, కార్మన్ పిలిచి తెచ్చుకున్న హాన్స్ లీప్‌మన్, లీప్‌మన్ వద్ద డాక్టరేట్ చేసిన సతీశ్ ధావన్, ఇది మరొక శాఖ. శ్రీహరికోట కేంద్రానికి పేరుగా నిలిచిన ధావన్ మౌలికంగా వాయుగతిశాస్త్ర నిపుణుడన్న సంగతి మన తెలుగువారిలో చాలామందికి తెలియదు.

ప్రశ్న: రెక్క పైభాగం వంపుగా ఉండడం వల్ల పైన వెళ్లే గాలి ఎక్కువ దూరం ప్రయాణించాలని, కింద వెళ్లే గాలితో ఒకే సమయానికి వెనుక అంచును చేరుకోవడానికి వేగం పెంచుకుంటుందని, అందుకే విమానం పైకి లేస్తుందని చదివాను. అలాగైతే విమానాలు తలకిందులుగా ఎలా ఎగరగలుగుతున్నాయి?
– ఇంటర్మీడియట్ విద్యార్థిని, అమలాపురం

సమాధానం: అమ్మా, నీ అనుమానమే సరైనది, నువ్వు చదివిన వివరణ తప్పు. రెక్క ముందు అంచు దగ్గర విడిపోయిన రెండు గాలి పాయలు వెనుక అంచు దగ్గర ఒకే సమయానికి కలుసుకోవాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. టన్నెల్‌లో పొగను విడతలు విడతలుగా వదిలి చూస్తే పైన వెళ్లిన పొగ కింది పొగ కన్నా చాలా ముందే వెనుక అంచును దాటిపోతుంది. పైన గాలి వేగం ఎక్కువన్న మాట, అక్కడ పీడనం తక్కువన్న మాట నిజమే. చెప్పిన కారణమే నిజం కాదు.

జరిగేది ఇది. వంపు వల్లగానీ, రెక్కను కొంత కోణంలో ఎత్తి పట్టడం వల్లగానీ గాలి ఆ రెక్క ఒంటిని అంటుకుని కిందికి మళ్లుతుంది. గాలిని కిందికి మళ్లించిన రెక్కకు, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం, పైకి బలం దక్కుతుంది. ఆ బలం రెక్కకు చేరే మార్గం పీడనాల తేడా. న్యూటన్ వివరణ ఒకటి, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందనే బెర్నౌలీ వివరణ మరొకటి అని పోటీ పెట్టవలసిన పని లేదు. రెండూ ఒకే సంఘటనకు రెండు లెక్కలు. తలకిందులుగా ఎగిరే విమానం ముక్కును తగినంత ఎత్తి ఉంచుతుంది గనుక అప్పుడు కూడా గాలి కిందికే మళ్లుతుంది.

ఇక్కడ ఇంకొక సంగతి గుర్తుపెట్టుకో, తరువాతి సమాధానంలో అది అవసరమవుతుంది. పారిస్ గోపురం కట్టిన గుస్తావ్ ఐఫెల్ వృద్ధాప్యంలో ఈ విద్యకు అంకితమై, 1909లో ఆ గోపురం పాదాల దగ్గరే ఒక విండ్ టన్నెల్ నడిపాడు. రెక్కను గాలి కింది నుంచి నెట్టడం కన్నా పైనుంచి లాగడమే ఎక్కువని ఆయన కొలతలు చూపించాయి.

ప్రశ్న: 1996 నవంబరు తుపానులో మా వైపు గోడలు చెక్కుచెదరని ఇళ్లకు కూడా రేకులు లేచిపోయాయి. రేకుల మీద ఇసుక మూటలు, రాళ్లు పెట్టినా ఆగలేదు. బరువు ఇంకా పెంచితే ఆగుతాయా? కప్పుకు వాలు ఎంత ఉండాలి? విమానాల నిపుణులకు ఇవి తెలుస్తాయా?
– తాపీ మేస్త్రి, రాజోలు

సమాధానం: మేస్త్రి గారూ, వచ్చిన ఉత్తరాలన్నింటిలో నేను ముందుగా సమాధానం రాయడానికి కూర్చున్నది మీ ఉత్తరానికే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన ఆ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కప్పు లేచిపోయిన ఇంట్లో గోడలు కూడా ఎక్కువసేపు నిలవవు గనుక, ఇది ఆస్తికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

గాలి కప్పును ఢీకొట్టి నెట్టేస్తుందని మనం అనుకుంటాము. నిజానికి ఎక్కువ సందర్భాలలో అది కప్పును పైకి లాగుతుంది. గోడకు తగిలి పైకి ఎగసిన గాలి చూరు అంచు దగ్గర కప్పును వదిలేసి ఎగిరిపోతుంది, ఆ వదిలేసిన చోట పీడనం పడిపోతుంది. పైన చెప్పిన విమానం రెక్క మీద జరిగినదానికి ఇది దగ్గరి చుట్టమే. తేడా ఏమంటే, రెక్క ఎగరడానికి తయారైంది, మీ కప్పు ఎగరకుండా ఉండడానికి తయారు కావాలి. దీనిని మొదట కొలిచినవారిలో ఒకరు విమానాల నిపుణుడు కూడా కాదు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ గ్యాస్ కర్మాగారాన్ని నడిపిన ఇర్మింగర్ అనే ఇంజినీరు, 1890లలో, అక్కడి పొగగొట్టం లాగే గాలినే వాడుకుని చిన్న ఇంటి నమూనాలను పరీక్షించాడు. గాలి చాటున ఉన్న వాలు మీద లాగే బలం, ఎదురు వాలు మీద నెట్టే బలాన్ని మించి ఉందని ఆయన చూపాడు. అప్పటికి రైట్ సోదరులు ఇంకా ఎగరలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. భవనాల మీద గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం. ఆ ప్రమాణం ప్రకారం మన తీరానికి లెక్కలోకి తీసుకోవలసిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఇది బయలు నేలలో, 10 మీటర్ల ఎత్తున, మూడు సెకన్ల పాటు వీచే విసురు వేగం. వేగాన్ని వేగంతో గుణించి 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్ల పీడనం వస్తుంది, అంటే సుమారు 150 కిలోల బరువుతో సమానం. చదునుగా ఉన్న కప్పు మీద లాగే బలం ఇంచుమించు ఇంత ఉంటుంది. మూలల దగ్గర, చూరు వెంబడి ఇది ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావచ్చు. ఇనుప రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోలకు అటూ ఇటూ. సిమెంటు రేకు దానికి రెండు మూడు రెట్లు ఉన్నా లెక్క మారదు. 150 కిలోలు లాగే గాలికి ఎదురుగా ఇసుక మూటలతో పోటీపడాలంటే ఆ బరువును మోసే దూలాలు ముందు కావాలి. పైగా వదులైన రాళ్లు గాలికి దొర్లి పక్కింటివారి మీద పడతాయి. కాబట్టి బరువు పెంచడం దారి కాదు, కట్టు బిగించడమే దారి.

రేకును పర్లినుకు, అంటే రేకు కింద వాసాల మీద అడ్డంగా వేసే దూలానికి, పర్లినును వాసానికి, వాసాన్ని గోడ పైన వేసే కాంక్రీటు బెల్టుకు, ఆ బెల్టును గోడలోని కడ్డీల ద్వారా పునాదికి కట్టాలి. పైకి లాగే బలం ఈ దారి వెంట ఎక్కడా తెగకుండా నేలలోకి దిగాలి. ఒక్కచోట మేకుతో సరిపెట్టినా ఆ చోటే ఊడుతుంది. గాలికి మేకు నిలువునా ఊడివస్తుంది గనుక బోల్టు, ఇనుప పట్టీ తప్పనిసరి. ఇక రేకును పర్లినుకు పట్టి ఉంచే కొక్కెం ఆకారపు జే-బోల్టుల మాటకు వస్తే, చాలా ఇళ్లలో కప్పంతా ఒకే దూరంలో బోల్టులు వేస్తారు. మూలల్లోనూ, చూరు వెంటా, వెన్ను వెంటా బలం ఎక్కువని తెలిసిన తరువాత అక్కడ వాటిని దగ్గర దగ్గరగా వేయడం మీ చేతిలో పని. బోల్టు గట్టిగానే ఉండి, దాని చుట్టూ రేకు చిరిగి ఊడిపోయిన ఇళ్లు కూడా చాలా ఉంటాయి. అందుకే వెడల్పైన వాషరు వాడాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

వాలు గురించి. పది డిగ్రీల లోపు వాలు ఉన్న కప్పు మొత్తంగా లాగుడుకు గురవుతుంది. 30 డిగ్రీల దగ్గర, అంటే అడ్డంగా అడుగుకు సుమారు ఏడు అంగుళాల ఎత్తు వచ్చేలా కడితే, ఎదురు వాలు మీద లాగుడు బాగా తగ్గిపోతుంది. గాలి చాటు వాలు మీద మాత్రం అది ఉంటూనే ఉంటుంది. రెండు వైపులా వాలి, మిగిలిన రెండు వైపులా గోడ నిలువుగా త్రికోణంలో ముగిసే ఇంటి కన్నా, నాలుగు వైపులా వాలు ఉన్న ఇల్లు తుపానుకు బాగా నిలుస్తుంది. మన పాత మండువా లోగిళ్ల బయటి కప్పులు ఇలా నాలుగు వైపులా వాలినవే. తీరం వెంబడి ఉత్తరాంధ్రలో కనిపించే చుట్టిళ్లు ఇంకొక మెట్టు పైన ఉంటాయి, గాలికి పట్టు దొరికే మూల అన్నదే వాటికి లేదు. వాన నీరు గోడకు తగలకూడదని మనం చూరును బాగా బయటికి చాపుతాము. ఆ చాపిన భాగాన్ని కింది నుంచి గాలి నెడుతుంది, పైనుంచి లాగుతుంది గనుక చూరును వీలైనంత కురచగా ఉంచడం మంచిది.

విమానాల నిపుణులకు ఇవి తెలుస్తాయా అని అడిగారు. విద్య ఒకటే, కానీ టన్నెల్ వేరు. నేలకు దగ్గరగా వీచే గాలి చెట్లకు, ఇళ్లకు తగిలి చిందరవందరగా ఉంటుంది, ఎత్తుతో పాటు దాని వేగం పెరుగుతుంది. ఆ గరుకుతనాన్ని టన్నెల్‌లో కూడా సృష్టించకపోతే కొలతలు నిజమైన ఇంటికి సరిపోవని డెన్మార్క్‌కే చెందిన మార్టిన్ జెన్సెన్ 1958లో నిరూపించాడు. ఆ తరువాత కెనడాలో అలన్ డావెన్‌పోర్ట్, అమెరికాలో జాక్ సెర్మాక్ అందుకోసమే పొడవాటి టన్నెల్‌లు కట్టించారు. వాటి నేల మీద వరుసగా దిమ్మెలు పేర్చి, గాలిని ఆ దిమ్మెల మీదుగా చాలా దూరం నడిపించి, చివరన నమూనా ఇంటిని నిలుపుతారు. చెన్నైలోని నిర్మాణ ఇంజినీరింగు పరిశోధన కేంద్రంలో ఇటువంటి టన్నెల్ ఉంది. మయామీలోని ఫ్లోరిడా అంతర్జాతీయ విశ్వవిద్యాలయంలోనైతే 12 పెద్ద ఫ్యాన్లను గోడలా పేర్చి, నిజమైన కప్పునే వాటి ముందు పెట్టి ఊడేదాకా గాలి కొడతారు. ఇన్నేళ్లుగా ఇంత శ్రమతో తేలిన సంగతులు లావాటి ప్రమాణాల పుస్తకాలలో ఆగిపోయి, నిచ్చెన మీద నిలబడి బోల్టు బిగించే మనిషి దాకా రాకపోవడం నన్ను ఎప్పుడూ బాధించే విషయం. ఇంజినీరింగు కళాశాలల కన్నా ముందు తాపీ పనివారికీ వడ్రంగులకూ ఈ శిక్షణ అందాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: తుపాను సమయంలో తలుపులు, కిటికీలు తెరిచి ఉంచితే గాలి ఇటు నుంచి అటు పోయి కప్పు నిలుస్తుందని మా పెద్దవారు అంటారు. ఇది నిజమేనా?
– గృహిణి, సఖినేటిపల్లి

సమాధానం: నిజం కాదమ్మా, ప్రమాదం కూడా. గాలికి ఎదురుగా ఉన్న తలుపుగానీ కిటికీగానీ తెరుచుకుంటే గాలి ఇంట్లోకి చొచ్చుకొచ్చి లోపలి పీడనాన్ని పెంచుతుంది. అప్పుడు కప్పును పైనుంచి గాలి లాగుతుంటే లోపలి నుంచి నెట్టే బలం దానికి తోడవుతుంది. ఐ.ఎస్. 875 ప్రమాణం కూడా చిన్న సందులు మాత్రమే ఉన్న ఇంటికి లోపలి పీడన గుణకాన్ని, అంటే గాలి పీడనంలో ఎంత వంతు లోపల పనిచేస్తుందో చెప్పే సంఖ్యను, 0.2గా, పెద్ద ద్వారాలు తెరుచుకున్న ఇంటికి 0.7గా తీసుకోమంటుంది. అంటే మూడున్నర రెట్లు. ఎన్నో ఇళ్లలో మొదట ఊడేది కప్పు కాదు, సముద్రం వైపు తలుపు గడియ. ఆ గడియ ఊడిన కొద్ది సెకన్లకే కప్పు లేస్తుంది.

కాబట్టి అన్నీ మూసి, గడియలకు తోడు అడ్డ కర్రలు బిగించండి. తుపాను కన్ను మీ ఊరి మీదుగా పోతే గాలి కొంతసేపు ఆగిపోయి, తరువాత దాదాపు వ్యతిరేక దిశ నుంచి విరుచుకుపడుతుంది. అందుచేత ఒక వైపు తలుపులు మాత్రమే భద్రం చేసుకోవడం చాలదు. గాలి ఆగింది కదా అని ఆ మధ్యలో బయటికి రావద్దు. ఇక కాంక్రీటు శ్లాబు లేని ఇంట్లో ఉండే వారు, ఎంత బిగించినా సరే, అధికారులు చెప్పగానే తుపాను రక్షణ కేంద్రానికి వెళ్లాలి. ఆసుపత్రులు, రక్షణ కేంద్రాల వంటి అత్యవసర భవనాలకు లెక్కించే గాలి వేగాన్ని తీరానికి 60 కిలోమీటర్ల లోపు 1.3తో హెచ్చించాలని 2015లో సవరించిన ప్రమాణం చెబుతోంది. పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక అవి మామూలు ఇంటి కన్నా దాదాపు 70 శాతం ఎక్కువ భారానికి తట్టుకునేలా కట్టాలి.

ప్రశ్న: అంత గాలికి మర్రి, రావి వంటి మహావృక్షాలు కూలిపోతుంటే కొన్ని కొబ్బరి చెట్లు నిలబడతాయి, కొన్ని మాత్రం మొవ్వు విరిగి మోడులవుతాయి. కారణం ఏమిటి? తోటను కాపాడుకునే ఉపాయం ఉందా?
– కొబ్బరి రైతు, అంబాజీపేట

సమాధానం: గట్టి పలక మీద గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. ఆకులు అలా ప్రవర్తించవు. అమెరికాకు చెందిన స్టీవెన్ వోగెల్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఆకులను విండ్ టన్నెల్‌లో పెట్టి, వేగం పెరిగేకొద్దీ అవి చుట్టుకుని సన్నబడతాయని, అందువల్ల బలం అంత తొందరగా పెరగదని చూపాడు. కొబ్బరి మట్టలు ఇదే పని చేస్తాయి. ఆకులు ఈనెకు ముడుచుకుని, మట్టలన్నీ గాలివాలుకు ఒకవైపు తిరిగి, చెట్టు తల సగానికి కుంచించుకుపోతుంది. అలా వంగి సన్నబడలేనివి గెలలే. అందుచేత తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ముదిరిన కాయలు దింపించుకోవడం తలబరువునూ గాలికి అడ్డునూ తగ్గిస్తుంది. నేల నాని ఉంటే వేళ్ల పట్టు సడలుతుంది కాబట్టి మురుగు కాలువలు పూడిపోకుండా చూసుకోవడం కూడా గాలి నుంచి రక్షణే.

తోటకు సముద్రం వైపు సరుగుడు వరుసలు పెంచడం మంచి ఆలోచన. గాలిని పూర్తిగా ఆపే గోడ కన్నా, సగం గాలిని పోనిచ్చే చెట్ల వరుస ఎక్కువ దూరం రక్షణ ఇస్తుంది. గోడ వెనుక గాలి సుడులు తిరిగి త్వరగా కిందికి దిగుతుంది. సందులున్న వరుస వెనుక మాత్రం చెట్ల ఎత్తుకు పది రెట్లు దాటిన దూరం వరకు కూడా గాలి మెత్తబడి ఉంటుంది. అందువల్ల సరుగుడును గోడలా కిక్కిరిసి నాటనవసరం లేదు.

ప్రశ్న: మా వరి చేలకు డ్రోనుతో మందు కొట్టిస్తున్నాము. పక్కనే రొయ్యల చెరువులు ఉన్నాయి. మందు అటు కొట్టుకుపోకుండా ఏం జాగ్రత్త తీసుకోవాలి?
– వరి రైతు, భీమవరం

సమాధానం: మీరు భయపడడంలో న్యాయం ఉంది. పైరెత్రాయిడ్ జాతి పురుగుమందులు చాలా స్వల్ప మోతాదులో కూడా రొయ్యలను చంపుతాయి. డ్రోను గాలిలో నిలవాలంటే తన బరువుకు సరిపడా గాలిని కిందికి నెట్టాలి. 25 కిలోల డ్రోను రెక్కల కింద ఆ గాలి సెకనుకు ఆరు మీటర్ల వేగంతో దిగుతుందని సుమారుగా లెక్కవేయవచ్చు. నెమ్మదిగా ఎగిరినప్పుడు ఈ గాలి మందు తుంపరలను పైరు మొదళ్ల దాకా తీసుకుపోతుంది. డ్రోను వేగం పెంచినప్పుడు అది వెనక్కి వాలిపోయి, రెక్కల అంచుల దగ్గర పుట్టే సుడులు తుంపరలను పైకి లేపుతాయి. కాబట్టి తొందరపడి వేగంగా నడిపించే ఆపరేటరును ఒప్పుకోవద్దు. ఎక్కువ ఎత్తు నుంచి కొట్టడం కూడా ఇంతే నష్టం.

తుంపర ఎంత సన్నగా ఉంటే అంత దూరం పోతుంది, అందుచేత చెరువు గట్టు పక్కన ముతక తుంపర ఇచ్చే నాజిల్ వాడించండి. గాలి చెరువు నుంచి చేను వైపు, మెల్లగా వీచే వేళ చూసుకోండి. గాలి పూర్తిగా స్తంభించిన తెల్లవారుజాము మంచిదని చాలామంది అనుకుంటారు గానీ, అప్పుడు సన్నని తుంపరలు నేల మీది చల్లని గాలిలో తేలుతూ ఎటు పోతాయో చెప్పలేము. చెరువు వైపు కొన్ని సాళ్లు మందు కొట్టకుండా వదలడం, లేదా అక్కడ చేతి స్ప్రేయరుతో కొట్టించడం అన్నింటికన్నా భద్రం.

ప్రశ్న: అరటి గెలలతో రావులపాలెం నుంచి దూర ప్రాంతాలకు లారీలు నడుపుతాము. గాలి వల్ల డీజిలు ఖర్చవుతుందంటారు, ఎంతవరకు నిజం?
– లారీ యజమాని, రావులపాలెం

సమాధానం: చాలావరకు నిజం. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి పెంచితే గాలి అడ్డు 1.8 రెట్లవుతుంది, దానిని దాటడానికి ఇంజను వెచ్చించే శక్తి దాదాపు 2.4 రెట్లవుతుంది. 1970లలో నాసా ఇంజినీర్లు పెట్టెలా ఉన్న ఒక వ్యాను మూలలను గుండ్రంగా మార్చి నడిపి చూస్తే గాలి అడ్డు బాగా తగ్గింది. మీరు చేయగలిగినవి రెండు. క్యాబిను ఎత్తుకూ సరుకు ఎత్తుకూ మధ్య మెట్టులాంటి తేడా రాకుండా సర్దడం ఒకటి, టార్పాలిను రెపరెపలాడకుండా తాళ్లతో బిగించడం రెండోది. రెపరెపలాడే ప్రతి అంచూ మీ డీజిలు తాగుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఒక వంతెన గాలికి ఊగి ఊగి కూలిపోయిన వీడియో చూశాము. మన గోదావరి వంతెనలకు అటువంటి ప్రమాదం ఉందా?
– డిగ్రీ విద్యార్థి, నరసాపురం

సమాధానం: మీరు చూసినది 1940 నవంబరు 7న కూలిన టకోమా వంతెన. అప్పుడు వీచిన గాలి గంటకు 70 కిలోమీటర్లు కూడా లేదు. 853 మీటర్ల మధ్య భాగాన్ని తీగల మీద వేలాడదీసి, రహదారికి కేవలం 2.4 మీటర్ల లోతున్న దూలాలు పెట్టారు. ఆ పలుచని పలక మెలితిరగడం మొదలుపెట్టాక, ప్రతి మెలికా గాలి నుంచి మరింత బలాన్ని గుంజుకుంది. దీనిని ఫ్లట్టర్ అంటారు, విమానం రెక్కలకు కూడా ఇది శత్రువే. మన డెల్టాలోని వంతెనలు పొట్టి పొట్టి ఖానాలతో, అంటే రెండు స్తంభాల మధ్య తక్కువ దూరంతో, స్తంభాల మీద కూర్చున్నవి. రాజమహేంద్రవరం దగ్గర 1997లో పూర్తయిన ఆర్చి రైలు వంతెనలో కూడా ఒక్కొక్క ఖానా వంద మీటర్ల లోపే. వాటికి ఈ ప్రమాదం లేదు. టకోమా తరువాత మాత్రం ప్రపంచంలో పొడవాటి వేలాడే వంతెన ఏదీ విండ్ టన్నెల్ పరీక్ష లేకుండా కట్టడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఈ చదువు మీద మక్కువ ఉంది. ఎక్కడ చదివించాలి? ఆడపిల్లకు దూరం పంపి చదివించేంత భవిష్యత్తు ఇందులో ఉందా?
– ఒక తండ్రి, తణుకు

సమాధానం: ఉంది, ఆడపిల్లకు ఒక రకంగా, మగపిల్లవాడికి మరొక రకంగా లేదు. బొంబాయి, మద్రాసు, కాన్పూరు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టీ.లలో ఏరోస్పేస్ ఇంజినీరింగు ఉంది. తిరువనంతపురంలో 2007లో మొదలైన భారత అంతరిక్ష విజ్ఞాన సాంకేతిక సంస్థలో కూడా ఇది ఉంది. వాటిలో సీటు రాకపోయినా నిరాశ పడవద్దు. మెకానికల్ ఇంజినీరింగుగానీ, సివిల్ ఇంజినీరింగుగానీ చదివి, గేట్ పరీక్ష ద్వారా ఎం.టెక్.లో ఈ శాఖకు రావచ్చు. ఇళ్ల మీద, వంతెనల మీద గాలి భారం చదవాలనుకునేవారికైతే సివిల్ చదువే సరైన దారి. ఇస్రో, డి.ఆర్.డి.ఓ., జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాల, హెచ్.ఏ.ఎల్. వంటి ప్రభుత్వ సంస్థలతో పాటు గాలిమరలు, వాహనాలు, డ్రోనులు తయారుచేసేవారికి, ఎత్తైన భవనాలు కట్టేవారికి కూడా వీరి అవసరం ఉంది.

ఇప్పటి నుంచి గణితంలో కలన గణితాన్ని, భౌతికశాస్త్రంలో ద్రవాల పాఠాన్ని బట్టీపట్టకుండా అర్థం చేసుకుని చదవమనండి. కంప్యూటరు ప్రోగ్రామింగు కూడా ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. సెలవుల్లో మీ ఊళ్లో రేకుల షెడ్డు వేస్తున్న చోటికి ఒకసారి తీసుకువెళ్లి, మూలల్లో బోల్టులు ఎంత దూరంలో వేస్తున్నారో కొలిచి రాసుకురమ్మనండి. ఆ కొలతలను నాకు పంపితే వాటి మీద లెక్క ఎలా వేయాలో వచ్చే సంచికలో రాస్తాను.